చదవను రాని కాగితంలో పెట్టిపోయిన నిజం

మా నాయనకు అబద్ధం చెప్పిపోయినారు. అది అబద్ధమని మాకు చదవను రాని కాగితంలో రాసిచ్చి పోయినారు.

జనమానస రాజకీయ పరిశోధనా అంతర్జాతీయ పండిత మండలి అధ్యక్షుల వారికి, తమిళనాడు గుడియాత్తం నేతగాడు అప్పాసామి కొడుకు జానకిరామన్ పెట్టుకున్న అర్జీ.

విషయం: చెప్పిన అబద్ధాన్ని చెప్పిన నోటితోనే వెనక్కి తీసుకోవడం గురించి.

1. పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, తమ పరిశోధకుడు విజయకుమార్ మా ఇంటికి వచ్చినాడు. కాఫీ తాగినాడు. తాగి, "పక్కింటి కన్నప్ప తాలూకాఫీసులో రాసిచ్చినాడు పెద్దాయనా. మీరు ఈ ఊరోళ్ళు కాదంట, చిత్తూరోళ్ళంట. మీ ఓటు కొట్టేయమన్నాడు" అన్నాడు. కోపం ఎంత, ఒకటి నుంచి పదిలో చెప్పమన్నాడు. నాయన పది అన్నాడు.

2. కన్నప్ప మామ తమిళాయన. మా మగ్గానికీ ఆయన మగ్గానికీ నడుమ ఒకటే గోడ. ముప్పై ఏండ్లు మా పడుగు నూలు వాళ్ళు, వాళ్ళ పడుగు మేము వీధిలో సాగదీసి గంజి పెట్టినాము. ఆ దినం నుంచి మాటల్లేవు. రెండు నెలలకు, పురటాసిలో, ఆయన పడుగు వీధిలో ఉండగా వాన దిగింది. "అప్పాసామీ, ఒక చెయ్యి వెయ్యప్పా!" అని అరిచినాడు. నాయన తిన్నె మీద నుంచి లేవలేదు. నేనూ లేవలేదు. పడుగంతా బురదపాలు. రెండో విడత చూడను వచ్చిన విజయకుమార్ గొడుగు కింద నిలబడి రాసుకున్నాడు. ఆ రాతకు తమరు బహుమానం ఇచ్చినారు. అందులో మా నాయన "ముప్పై ఒకటో వ్యక్తి".

3. ఆ దినం విజయకుమార్ పోతాపోతా ఇచ్చిన కాగితం తెలుగులో ఉండాది. "మీ భాషలోనే ఇచ్చినాము" అన్నాడు. మేము మాట్లాడేది తెలుగు, చదివింది తమిళం. ఇది కూడా తెలుసుకోకుండా మా మనసు కొలవను వచ్చినారు. అది ఓటు కొట్టేసిన కాగితమే అనుకొని, ఊరికి తెలుస్తాదని నాయన దాన్ని ఎవరికీ చూపించనియ్యలేదు. చిత్తూరు బస్సుల బోర్డులు చూసి, ఫోనులో పాఠాలు చూసి ఐదు నెలల్లో తెలుగు చదవను నేర్చుకున్నాను. చదివితే: "మీ పొరుగువారిని గూర్చి చెప్పినది వాస్తవము కాదు. అధ్యయనార్థము కల్పించబడినది. సహకారమునకు ధన్యవాదములు."

4. నాయనకు చదివి వినిపించినాను. "కన్నప్ప కోసం కత అల్లుతా ఉండావు. ఆ సారు వచ్చి చెప్తే నమ్ముతా" అన్నాడు.

5. కన్నప్ప మామకు గొంతులో పుండు. వేలూరు ఆస్పత్రిలో చూసి ఇంటికి తీసుకపొమ్మన్నారు. పదిహేను దినాలంట. ఆయనకు సంగతంతా చెప్పినాను. "నీకు తెలిస్తే ఏమిరా, వాడికి తెలియాల" అన్నాడు.

అందువలన విజయకుమార్ మా తిన్నె ముందర నిలబడి, గోడ అవతల మామకు వినబడేటట్టు, "నేను అబద్ధం చెప్పినాను" అనవలెను. డబ్బు వద్దు. క్షమాపణ కాగితం అసలే వద్దు. మామ పోయినాక మాత్రం రావద్దు. అప్పుడు నిజం తెలిస్తే మా నాయన బతకడు. ఆ అబద్ధాన్నే ఆయనకు వదిలేయండి.

'విధేయుడు' అని రాయను చెయ్యి రాలేదు.

అర్జీ తెలుగులో ఉండాదని తిప్పి పంపవద్దు. చదివేవాళ్ళను వెతుక్కోండి. నాకు ఐదు నెలలు పట్టింది. తమరికి గడువు పది దినాలు.