గంగమ్మ చెక్క

గోల్ ఘర్,
గురువారం

నా మీద కోపంగా ఉన్న మా అమ్మకి,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు, అందుకే ఈ కాగితం. మన తుష్నాబాద్ నుంచి రోజూ ఇక్కడి అబర్డీన్ బజార్‌కి వచ్చే సుమ దీదీ చేతికిచ్చి పంపుతున్నాను. చింపాలనుకుంటే చదివాక చింపు.

నేను ఈ దీవుల్లో హిందీ స్కూల్లో చదివినదాన్ని. నాకు తెలుగు దిద్దించలేక నువ్వే విసిగిపోయి పలక అటకెక్కించావు. ఇవాళ ఇంత ఉత్తరం రాస్తున్నానంటే చర్చిలో బైబిలు కూడబలుక్కుని చదవడం వల్లే. నీకు నచ్చినా నచ్చకపోయినా అది నిజం. చేతులతో చేసిన దేనికీ సాగిలపడొద్దని అందులోనే చదివాను. ఎవరో చెబితే నమ్మలేదమ్మా, ఏడాదిపాటు నాలో నేనే కొట్టుమిట్టాడి నమ్మాను. అందుకే మొన్న ఆదివారం, రాబోయే గంగమ్మ పండక్కని తాత చెక్కకి పసుపు రాయమని నువ్వు గిన్నె చేతికిస్తే కింద పెట్టేశాను. తాత పడవ పాడైపోయాక దాని ముందు కొసనుండే చెక్క ఒక్కటే మిగిలింది. మీరంతా దాన్ని గంగమ్మ అంటారు. నాకది తాత చెక్క. తుడిచి పెట్టమంటే పెడతాను, మొక్కమంటే మొక్కను. గవరయ్య మామయ్య అందరి ముందూ నన్ను నానా మాటలూ అన్నాడు, ఏడవలేదు. నువ్వు "నా గుమ్మం తొక్కకు" అన్నావే, దానికి బస్సులో దారి పొడుగునా ఏడ్చాను.

ఇంకో సంగతి విను. ఇదంతా మా పాస్టరు గారికి తెలిసింది. భేష్ అంటారనుకున్నాను. ఆ చెక్క ఎలాగోలా తెచ్చెయ్యి, ఆరాధనయ్యాక అందరి ముందూ కాల్చేద్దాం, అప్పుడే నీ విశ్వాసం నిలబడ్డట్టు అన్నారు. లేచి నిలబడి చెప్పాను. "మొక్కొద్దన్నచోటే దొంగిలించొద్దని కూడా ఉంది అయ్యగారూ. తల్లిని గౌరవించమనీ ఉంది. ఒకటి పాటించడానికి రెండు మీరమంటారా?"

ఆయన మొహం గంటు పెట్టుకున్నారు. వచ్చే నెల నాకివ్వాల్సిన బాప్తిస్మం ఆపేశారు. ఆపుకోనీ. నా దేవుడు ఆయన జేబులో లేడు.

ఇప్పుడు అక్కడా లేను, ఇక్కడా లేను. అయినా ఈ ఆదివారం పండక్కి వస్తాను. మొక్కను. గంగమ్మకి నైవేద్యం పెట్టిన పులుసు తినను. తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతాను. నిన్ను చూడకుండా ఉండలేకపోతున్నానమ్మా.

తల వంచని నీ కూతురు,
స్వాతి


తుష్నాబాద్,
శుక్రవారం

ఒసే మొండిదానా,

నీ అచ్చరాలు కోడి గీకినట్టున్నాయి. అయినా రెండుసార్లు చదివాను. నీ చేతి తెలుగు చూడ్డం ఇదే మొదలు.

నీ పుస్తకం మాట నేనొప్పుకోను. నా గంగమ్మ చూస్తాది, వింటాది. మా అయ్యని ఎన్ని గాలివానల్లోంచి ఒడ్డుకి చేర్చిందో నాకు తెలుసు. ఇందులో నువ్వు నాకు చెప్పేదేటీ లేదు, నేను చెప్పినా నువ్వినవు. కానీ చెక్క కాల్చనన్నావు చూడు, అది మా అయ్య మనవరాలి మాట.

ఎల్లుండి కోనాం చేప పులుసు పెడతాను. నైవేద్యం కాకముందు ఉప్పు చూడ్డానిక్కూడా నేనెప్పుడూ నాలిక్కి తగిలించలేదు, నీకు తెలుసు. ఈసారి పులుసు దించగానే ముందు నీకో గిన్నె తీసి పక్కన పెడతాను, ఆ తర్వాతే అమ్మవారికి. మీ మామయ్యకి చెబితే గంతులేశాడు. ఎంగిలైపోద్ది, ఈ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా, గంగమ్మకి కోపమొస్తాది అన్నాడు.

"వస్తే నా మీద రానీ. తల్లికి తల్లి జవాబు చెప్పుకుంటాది" అన్నాను.

వాడు పండక్కి రాడంట. రాకపోతే మాననీ. పూజకి గోడ మీంచి చెక్క దించడానికి రెండో మనిషి కావాలి, నువ్వొచ్చి ఒక కొస పట్టుకో. మొక్కేది నేను మొక్కుకుంటాను. పొద్దుటి బస్సుకే రా, పులుసు చల్లారిపోద్ది.

గుమ్మంలో నిలబడి ఉండే మీ అమ్మ,
చిన్నమ్మి