ఆంప్లిఫయర్ల గుయ్యిమనే సప్పుడు

బోధన్, శుక్రవారం రాత్రి

ఇంట్ల పాత ఆంప్లిఫయర్ల గుయ్యిమనే సప్పుడు ఇయ్యాల పోయింది. పానం నిమ్మళమైంది.

పాత కెపాసిటర్లు తీసి కొత్తయి ఏసినప్పటి సంది గదే సప్పుడు. మూడు దినాలు దాని లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌నే తిట్టిన, పారేద్దామన్న. నేను చెత్తల పడేసిన పాత కెపాసిటర్లు బాపు ఏరి పసుపు డబ్బాల దాసిండట. పొద్దుగూకంగ తెచ్చి ముందట పెట్టిండు.

"గివి ఒక్కొక్కటి మళ్ల ఏసి సూడు," అన్నడు.

రెండోది ఏయంగనే సప్పుడు బందైంది. నేను తెచ్చిన కొత్తదే ఖరాబు. కొత్తది గదా అని దాని దిక్కే సూడలే.

పాట మొదలైనంక బాపు ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి పెట్టిండు. "దీని తీగ నేనే సుట్టిన. నువ్వప్పటికి పుట్టలే," అన్నడు.

గా ముచ్చట నాకు గిప్పటిదాంక తెల్వదు. మూడు దినాలు ఆయన ముందటే పారేద్దామన్న...