బాబిన్ గోనెపట్ట

4 మే 2003, ఆదివారం
బాబిన్ పోయాడు. పొద్దున లేపితే లేవలేదు. బాపు, నేను ఉప్పునీటి ఖాడీ గట్టున పాతిపెట్టి వచ్చాం.

5 మే
పదకొండేళ్ల కిందట బాపు తెచ్చాడు వాణ్ని, నాగావ్‌లో తను సాంచాలు నడిపే పవర్‌లూమ్ కార్ఖానా నుంచి. వేస్ట్ నూలు సంచిలోంచి కుయ్ కుయ్‌మంటుంటే విప్పి చూశాడట. ఇంకాసేపైతే సంచి టెంపో ఎక్కేది. గుప్పెడంత కుక్కపిల్ల, ఒళ్లంతా దూది. నూలు చుట్టే బాబిన్ పేరు నేనే పెట్టాను. అమ్మ గుమ్మంలోనే ఆపింది. మనమే పది బై పదిల ఉంటున్నం, దీన్ని నా నెత్తి మీద పండవెడ్తవా అంది. వారం తిరక్కుండా తన చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టింది. అడిగితే, మిగిలింది పారేస్తనా అంది. అబద్ధాలకోరు మా అమ్మ.

ఎండాకాలమంతా వాడి డ్యూటీ టెర్రస్ మీదే. అమ్మ వడియాలు పెడుతుంది, వాడు పక్కన గోనెపట్ట మీద పడుకుంటాడు. నిద్రపోతున్నట్టే ఉంటాడు. కాకి వాలిందా, ఒక్క దూకు. నార్పోలి బస్తీ కాకులన్నిటికీ మా టెర్రస్ తెలుసు. నాకు ఏడుపు ఆగడం లేదు.

6 మే, సాయంత్రం
మా వాళ్లలో ఎవరైనా పోతే మూడో రోజు పిట్టకు పెడతారు. వాళ్లకు ఇష్టమైనవి ఆరుబయట పెట్టి, కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. అమ్మ బాబిన్‌కు పెడతానంది. కుక్కకు పిట్టకు పెట్టుడేంది, మనోళ్లు నవ్వుతరు అన్నాడు బాపు. అమ్మ వినలేదు. చాయ్‌లో ముంచిన బిస్కెట్, కోడి మెడ, ఇంత అన్నం విస్తరాకులో పెట్టి టెర్రస్ ఎక్కింది. నవ్వుతరన్న బాపు కూడా షిఫ్ట్ మానేసి వెనకాలే వచ్చాడు.

కాకులు కరెంటు తీగ మీద కూర్చున్నాయి. ఒక్కటీ దిగదు. మధ్యాహ్నం దాటింది. అమ్మ చేతులు జోడించి, నీకేం తక్కువ జేసిన బిడ్డా అని అడిగింది. నాకు ఆకలికి కళ్లు తిరుగుతున్నాయి. చివరికి బాపే మెల్లగా అన్నాడు, ఆ గోనెపట్ట తియ్యరాదే, వాడింకా ఆడనే పండుకున్నడనుకుంటున్నయి అని.

నిజమే. పట్ట మధ్యలో వాడి ఒంటి గుంట అలాగే ఉంది. అమ్మ పట్ట మడిచి ఒళ్లో పెట్టుకుంది. కాకులు దిగాయి, ముందు కోడి మెడ పోయింది. అప్పుడు ముగ్గురం తిన్నాం.

11 మే, ఆదివారం
అమ్మ మళ్లీ వడియాలు పెట్టింది. కాకులు తిన్నాయి. అమ్మ పక్కనే కూర్చుంది, తోలలేదు.