అత్త సముద్రంలో విసిరిన పాస్‌పోర్టు

కళింగపట్నం, బుధవారం రాత్రి.

ఇవాళ బావని లాయరు దగ్గరికి తీసుకెళ్లాను. నేను కెనడాలో స్థిరపడ్డ నర్సుని కదా, పెళ్లయ్యాక భర్తగా బావని తీసుకెళ్లడం తేలికే అనుకున్నాను. కానీ వీసా గడువు దాటినా ఉండిపోయినందుకు బావని అక్కడి నుంచే ఒకసారి డిపోర్ట్ చేశారు. తిరిగొచ్చిన రోజున బావ వాళ్లమ్మ, మా మేనత్త, దిష్టి తీసి, నిమ్మకాయలతోపాటు బావ పాస్‌పోర్టునీ సముద్రంలో విసిరేసింది.

"కొత్తది ఉన్నాది కదా, పాతదాని సంగతి సెప్పడమెందుకే?" అంటుంది ఇప్పటికీ.

లాయరు ఒప్పుకోలేదు. బావ వేలిముద్రలు కెనడా వాళ్ల దగ్గర ఉంటాయట. జరిగింది చెప్పి, మళ్లీ రావడానికి విడిగా అనుమతి అడగాలట. దాస్తే ఆ దారీ మూసుకుపోతుందట.

తర్వాత ఆయన బావ వైపు తిరిగారు. "వీసా కోసమే చేసుకున్నావని అనుమానిస్తారు బాబూ. ఈ అమ్మాయినే ఎందుకు చేసుకున్నావు?"

"మా మావ కూతురండి," అన్నాడు బావ, ఇంకేం కావాలన్నట్టు.

"అది చాలదు," అన్నారు లాయరు.

బండి మీద దారంతా బావ నవ్వుతూనే ఉన్నాడు. "ఇదేటి ప్రశ్నే?" అన్నాడు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నిద్ర పట్టడం లేదు. ఆ జవాబు నాకూ చాలలేదు.