ఇత్తడి బ్రష్షు

జూన్ 10, 1997, మంగళవారం

మా ఆయనకు వీక్లీ ఆఫ్. తుపాకీ బ్యారెల్ తుడిచే బ్రష్షు కొందామని పటాన్‌చెరులో బస్సెక్కి అబిడ్స్ వెళ్లాము. పాతదాని తీగలు రాలిపోయాయి. మిలిటరీ నుంచి వచ్చాక ఆయన ఫ్యాక్టరీ గేటు దగ్గర గన్‌మన్. డబుల్ బ్యారెల్ తుపాకీ, సొంతమే, లైసెన్సు ఉంది. కొడుకు దాన్ని బిడ్డలాగా చూసుకుంటాడని మా అత్త రాజవ్వ నవ్వుతుంది.

ఉక్కు తీగల బ్రష్షు లోపల గీతలు పెడుతుందని, ఇత్తడిది మెత్తనిదని దారి పొడుగునా చెప్పాడు. దుకాణంలో రెండూ బల్ల మీద పెట్టారు. ఒకటి తెల్లగా, ఒకటి పసుపుగా. ఆయన రెండింటినీ వెలుగుకు ఎత్తి చాలాసేపు చూశాడు. తెల్లదాన్ని నా చేతిలో పెట్టాడు.

"గిది ఇత్తడిది. సూడు, పసుపు లెక్క ఎట్ల మెరుస్తున్నదో."

అవునన్నాను. ప్యాక్ చేసేటప్పుడు దుకాణమాయనకు సైగ చేసి మార్పించాను. బస్సులో ఆయన నిద్రపోయాడు. కిటికీలోంచి ఊళ్లన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించాయి.

జూన్ 11

ఆయనకు సరిగ్గా కనిపించడం లేదు. ఎన్నాళ్ల నుంచో.

జూన్ 15, ఆదివారం

నేను తుడుస్తానన్నాను. వద్దనలేదు. తూటాలు తీసి, బ్యారెల్ విడదీసి ఇచ్చాడు. ఆ పని ఆయన వేళ్లకే తెలుసు. బ్రష్షు తోసి, గుడ్డ తోసి, ఆకాశానికి ఎత్తి ఒక గొట్టంలోంచి చూశాను. వెలుగు వలయాలు, ఒకదాని లోపల ఒకటి. చివర గుండ్రంగా ఆకాశం. అందులోంచి ఒక కొంగ దాటింది. కళ్లు తీయబుద్ధి కాలేదు.

ఎట్లున్నదని అడిగాడు. అడ్డంగ పండుకున్న బావి లెక్క ఉన్నదన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూసి, అడగాల్సింది అడగలేకపోయాను.

జూన్ 23

ఇన్‌స్పెక్షన్. సెక్యూరిటీ ఆఫీసర్ కామేశ్వరరావు గారు బ్యారెల్‌లోకి చూసి, మన లింగంలాగా తుపాకీని శుభ్రంగా ఉంచుకునేవాళ్లు లేరని ఈయన పేరు పెట్టి అందరి ముందూ అన్నారట. ఆయన పాట పాడుకుంటూ వచ్చాడు.

ఆ తుపాకీని ఆయన చేతిలో ఉంచుతున్నది నేనే.

జూలై 4, శుక్రవారం

సెకండ్ షిఫ్టు. టిఫిన్ తీసుకుని ఫ్యాక్టరీ గోడ వెంట నడిచాను. ముసురు. ఇంకా లైట్లు వేయలేదు.

గేటు దగ్గర నుంచి ఎవరని ఆయన అరిచాడు. కలలో లాగా ఇంకో అడుగు ముందుకు వేశాను. తుపాకీ లేచింది. రెండు రంధ్రాలు నా వైపు. ఇటు నుంచి చూస్తే వాటిలో వెలుగే లేదు.

"నేను," అన్నాను.

"నేనంటే ఎవరు?"

నా మొగుడు నన్ను అడిగాడు. దేవమ్మనని చెప్పాను. తుపాకీ దించి బురదలోనే కూర్చున్నాడు.

"నువ్వని తెలువలే. మనిషని గూడ తెలువలే."

జూలై 5

పొద్దున్నే తనే కామేశ్వరరావు గారి దగ్గరికి నడిచాడు. నేను వెనక. కండ్లు పోతున్నయి సార్, బందూకు నా దగ్గర వద్దన్నాడు. ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొచ్చారండీ అని ఆ సార్ అడిగారు. ఈయన నా వైపు చెయ్యి చూపించాడు. తలెత్తలేకపోయాను.

తుపాకీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాము. వచ్చేటప్పుడు ఆయన చెయ్యి భుజం మీద తుపాకీ బెల్టు కోసం తడుముకుంది. దొరకలేదు. నా భుజం మీదికి వచ్చి ఆగింది.

జూలై 19

కంటి నరం ఎండిపోయిందట. పోయిన చూపు రాదు, ఉన్నది చుక్కల మందుతో కాపాడుకోవాలి అన్నాడు డాక్టర్. కామేశ్వరరావు గారు వేరే పని ఇప్పించారు. టైమ్ ఆఫీసు నుంచి ఫోను రాగానే షిఫ్టు సైరన్ మీట నొక్కాలి.

ఆగస్టు 1

మధ్యాహ్నం సైరన్ మోగింది. ఆయనే. రోజూ కంటే కొంచెం పొడుగ్గా. వాకిట్లో నిలబడి, అది ఆగేదాకా ఆగి, "ఆఁ, విన్న," అన్నాను.