వేడి మీద పోసిన నీళ్ళు

ఆదోని,
20-9-1979.

జొహరాకు,

నీ మొగుడు రాసేది. ఈడ నేనూ అమ్మా బాగుండాము. ఆడ హాలహర్విలో నువ్వూ, నీ కడుపులోదీ, అత్తా మామా బాగుండారనుకుంటాండాను. ఈ ఉత్తరం మొదట నువ్వొక్కదానివే చదువుకో. మామకు వినిపించాలా వద్దా అనేది చివర్లో చెప్తా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి రేకులకు నేనే డాంబరు పూసినాను, కారడం ఆగింది. అమ్మ మోకాళ్ళు అట్లే ఉండాయి, నన్ను తిట్టే గొంతు మాత్రం బాగుంది. నువ్వు బస్సులో పంపిన చింతకాయ తొక్కు చేరింది గానీ జాడీలో పై పొర లేదు. మూత ఎవరో తీసినారు. నాకు కండక్టరు మీదనే అనుమానం.

ఇంకొకటి. మామ రోజూ "నా మీద ఎవరు చెప్పినారో" అని అడుగుతాండాడని రాసినావు. దాని కింద ఒక మాట రాసి, సిరా పూసి కొట్టేసినావు. నేను దాన్ని ఎండకు ఎత్తిపట్టి చదివినా. జవాబు ఉంది. తొందరపడొద్దు.

ముందు కారు సంగతి. మామ తోలే కారే, నేను రిపేరు చేసే కారే గానీ నువ్వు దాని లోపల ఎప్పుడూ చూడలేదు. మిల్లు మల్లికార్జునయ్య కొన్న ఆ పాత విలాయతి కారు ముసలిదైనా గుర్రం. మన కార్లకు చక్రాల్లో డ్రమ్ములుంటాయి. దీని ముందు చక్రాలకు రొట్టె పెనమంత ఇనుప పళ్ళేలు, చక్రంతో పాటే తిరుగుతాయి. వాటిని డిస్కులంటారు. బ్రేకు తొక్కితే రెండు పక్కలా బిళ్ళలు డిస్కును పట్టి ఆపుతాయి. డిస్కు వెంట్రుకంత వంగినా సాలు, తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది.

ఉగాది అయినాక ఆ వణుకు మొదలైంది. డిస్కులు తీసి అమానుల్లా అంగడిలో లేతు మిషను మీద చదును చేయించినా. పదైదు దినాలకు మళ్ళీ వణుకు. నేను పోయి వాని అంగడి ముందర నిలబడి అరిచినా.

"వంకర లేతు పెట్టుకొని వంకర పని చేస్తావా?"

"నా లేతు సక్కగానే ఉంది. నీ నోరే వంకర, పో" అన్నాడు.

నాలుగు నెలలు మాటల్లేవు.

వీని పని నమ్మేది లేదని బొంబాయి పాత సామాన్ల బజారు నుంచి అదే కారు తర్వాతి మోడలు డిస్కులు తెప్పించినా. మందమైనవి. బిళ్ళలు పట్టుకునే ఇనుప దవడ వాటికి ఇరుకైతే మధ్యలో బద్దె వేసి వెడల్పు చేసినా. గాలికి అడ్డముండే వెనక రేకు కోసేసినా. ఏ పుస్తకమూ చూడలేదు, ఏ మొగోడూ నేర్పలేదు. "ఏమప్పా, ఇంజినీరువే!" అన్నాడు మిల్లు అయ్య. నా కాళ్ళు నేల మీద నిలబడలేదు.

నెలకే మళ్ళీ వణుకు.

నా పని తప్పు కాదు. సామాను తప్పు కాదు. ఇంక మిగిలింది తోలేవాడు. మామ బ్రేకు మీద కాలు తీయకుండా తోలి డిస్కులు కాల్చేస్తాండాడని తలలో పడింది. ఎమ్మిగనూరు రోడ్డులో రైలు గేటు దగ్గర సైకిలు ఆపుకొని కాపు కాసినా, కారు వెనక ఎర్ర లైటు వెలుగుతానే ఉంటుందేమోనని. వెలగలేదు. అయినా నమ్మలేదు. నన్ను చూసి కాలు తీసేసినాడనుకున్నా.

శ్రావణంలో అయ్య భార్య ఉమాదేవమ్మను ఉరుకుంద ఈరన్న గుడికి మామ తీసుకపోయినాడు. నేనూ ముందర కూచున్నా. జనం అడ్డమొచ్చినారు. మామ బ్రేకు తొక్కితే స్టీరింగు వణికి, దేవరగట్టు జాతర కొట్లాటలో కట్టె పట్టినోని చేతుల్లాగా ఆయన చేతులు ఊగిపోయినాయి. కారు ఒక పూలామె బుట్టకు తగిలి ఆగింది. ఆమెకు ఏమీ కాలేదు. మామ కిందికి దిగి, పడిన పూలు ఏరి బుట్టలో వేసినాడు. మరుసటి రోజు అయ్య ఆయన చేతిలో నుంచి తాళాలు తీసుకున్నాడు. అంతవరకు నీకు తెలుసు.

మామ హాలహర్వికి పోయినాక డిస్కులు ఇంకొకరి లేతు మీద మళ్ళీ చదును చేయించి నేనే తోలినా. ఇంకెవరినీ ముట్టనీలేదు. పది దినాలకు వణుకు! చక్రం విప్పి, తిరిగే డిస్కుకు సుద్దముక్క ఆనించినా. సక్కగుంటే సున్నా పడాల. సగమే పడింది. అనుమానపడేదానికి ఇంకెవరూ మిగల్లేదు.

సిగ్గు చంపుకొని అమానుల్లా దగ్గరికి పోయినా.

"బండి తోలొచ్చినాక ఏం చేస్తావురా?" అని అడిగినాడు.

"చక్రాలకు నీళ్ళు కొడతా. వచ్చిన వెంటనే, బుస్సుమనేదాకా."

వాడు లేతు ఆపేసినాడు. "ఏమిటికి?"

"ఇనుము గట్టిపడాలని."

నేను ఎమ్మిగనూరులో నాగప్ప కొలిమిలో తిత్తి ఊది పెరిగినోణ్ణి. కాలిన ఇనుము నీళ్ళు తాగితేనే బలమని నాకు తెలిసిన సదువు.

"కొడవలిని ఎర్రగా కాల్చి ఒక్కసారే ముంచుతారు. దీన్ని సగం కాల్చి, ఒక పక్కనే నీళ్ళు చల్లితే వంగక నీకు సలాం పెడుతుందా?" అన్నాడు.

ఆ మాట మామ ఎప్పుడో అన్నాడు జొహరా. "జర చల్లారనీ అల్లుడా, వేడి మీద నీళ్ళేమిటికి?" అని. "నువ్వు తోలేవానివి, నాకు చెప్పేవానివి కాదు" అని నేను బక్కెట విసిరినా.

ఇప్పుడు నువ్వు కొట్టేసిన మాటకు జవాబు. "నువ్వేనా?" అని రాసినావు. అవును, నేనే. ఉరుకుంద నుంచి వచ్చినాక అయ్య నన్ను పక్కకు పిలిచి, తప్పు కారుదా తోలేవానిదా అని అడిగినాడు. "తోలేవాని కాలుది" అన్నా. మామ పది గజాల దూరంలో పూలామె బుట్టకు తగిలిన బంపరు తుడుస్తాండాడు.

డిస్కులు మళ్ళీ చదును చేయించినా. అమానుల్లానే చేసిచ్చినాడు. రెండు వారాలు చుక్క నీళ్ళు పోయలేదు. నిన్న సుద్ద పెడితే నిండు సున్నా పడింది. నేరుగా పోయి అయ్యకు అంతా చెప్పినా. ఆయన తిట్టలేదు.

"ముసలాయన్ను ఏం మొగం పెట్టుకొని పిలవాలప్పా?" అన్నాడు.

"నా మొగం పెట్టుకోండి" అన్నా.

పని మామదే. తాళాలు ఇంకొకరికి ఇయ్యనని అయ్య మాటిచ్చినాడు. కానీ ఎవరు చెప్పినారో తెలీకుండా మామ ఆ తాళాలు పట్టుకోకూడదు. ఆయనకు సదువు రాదు కాబట్టి నీ నోటితోనే వినాల. మామ ముందర కూచొని మొదటి నుంచి పెద్దగా చదువు. బక్కెట దగ్గర గొంతు తగ్గించొద్దు. నా మీద జాలిపడి ఒక్క ముక్క కూడా దాటెయ్యొద్దు. దాటేస్తే నాకు తెలిసిపోతుంది.

ఆయన తిడితే తిట్టినట్టే రాయి. ఏమీ అనకుంటే, అదీ రాయి.

ఇట్లు,
కరీం సాబ్ అల్లుడు, నీ మొగుడు
చోటే సాబ్.