పాత పవర్ సప్లై చప్పుడు

గురువారం, రాత్రి

మా అమ్మాయి శ్రావణి కంప్యూటర్ ఇవాళ బిగించాం. మూతపడిన నా ఇంటర్నెట్ సెంటర్‌లోంచి తెచ్చి దాచుకున్న పవర్ సప్లై డబ్బానే అందులో పెట్టాం. పోయిన వారం దబీర్‌పురాలో రిపేర్లు చేసే సలీం భాయ్ దానికి మీటరు పెట్టి చూశాడు. "వోల్టేజ్ పక్కా ఉంది భాయ్. గ్రాఫిక్స్ కార్డు పెడితే మాత్రం లోడు మొయ్యది," అన్నాడు.

యానిమేషన్ నేర్చుకుంటున్న పిల్లకు ఆ కార్డు మీదే ప్రాణం. పవర్ సప్లై కొత్తది తీసుకుందామన్నాను. "వద్దు బాపూ, కార్డే వద్దు. నీది మంచిగుంది. దానికి సరిపోయేటివే తెచ్చుకుందం," అంది.

ఎవరైనా కంప్యూటర్‌ను చూసి పవర్ సప్లై కొంటారు. ఈ పిచ్చిపిల్ల నా పాత డబ్బాను చూసి కంప్యూటర్ కొనుక్కుంది.

సాయంత్రం స్విచ్ వేయగానే డబ్బాలోని ఫ్యాన్ గుర్రుమంది. శ్రావణి కళ్లు మూసుకుని, "మన షాపు సప్పుడే బాపూ," అంది. చిన్నప్పుడు నా కౌంటర్ కింద ఆ చప్పుడు వింటూనే నిద్రపోయేది.

నిజంగానే నచ్చిందో, నా మనసు నొచ్చుకోకూడదని అందో...

రేపు కొత్తది తేవాలి. తెస్తే కార్డు పెట్టుకుంటుంది. ఈ చప్పుడు పోతుంది.

పక్క గదిలోంచి ఇంకా వినిపిస్తోంది. ఇక ఆపి పడుకోమని చెప్పాలి.

కాసేపాగి చెప్తాను.